ఇటుకల కట్టెల పొయ్యి సరిగ్గా మండట్లేదా? పొగ, మసి, పగుళ్లు: ఏ తేడాకి ఎక్కడ చూసుకోవాలి

ఇటుకలతో ఇంట్లోనే పేర్చుకునే చిన్న కట్టెల పొయ్యిని ఇప్పుడు అందరూ రాకెట్ పొయ్యి అంటున్నారు. 1980లలో అమెరికాలోని ఒరెగాన్‌లో ల్యారీ వినియార్‌స్కీ అనే ఆయన రూపం ఇచ్చిన పద్ధతి ఇది. చూస్తే చాలా తేలిక. వీడియో చూసి మధ్యాహ్నానికల్లా పేర్చేస్తారు, సాయంత్రం వెలిగిస్తే పెరడంతా పొగ, ఇక ఇది పనికిరాదని పక్కన పడేసి మళ్లీ మూడు రాళ్ల పొయ్యికే వెళ్లిపోతారు. పాపం, పొయ్యిలో తప్పేమీ ఉండదు, ఎక్కడో ఒక అంగుళం తేడా ఉంటుంది అంతే.

నేను చూసినంతవరకు సమస్య ఎక్కువగా గాలి దారిలోనే ఉంటుంది. గాలి కట్టెల కింద నుంచి లోపలికి రావాలి, మంటతో కలిసి గొంతులోంచి, అంటే మధ్యలో నిలువుగా ఉండే ఖాళీలోంచి, పైకి పోవాలి, గిన్నె అడుగుకి తగిలి పక్కలకి బయటపడాలి. ఈ దారి ఎక్కడ ఇరుకైతే అక్కడ పొగ వెనక్కి తన్నుతుంది, ఎక్కడ మరీ వదులైతే అక్కడ వేడి వృథా అవుతుంది. కింద ఏ సమస్య దగ్గర ఆగినా ముందు ఈ దారి ఒకసారి చూసుకోండి.

ముందు కొలతలు ఒప్పుకుందాం

9 అంగుళాల పొడవు, 4½ వెడల్పు, 3 మందం ఉన్న మామూలు ఎర్ర ఇటుక అనుకుని రాస్తున్నా. మీ ఊళ్లో ఇటుక కొంచెం తేడాగా ఉంటే లెక్క మార్చుకోండి. నాలుగు ఇటుకలని పడుకోబెట్టి, ఒకదాని కొన ఇంకోదాని పక్కకి ఆనేలా చుట్టూ తిప్పి పేరిస్తే మధ్యలో సరిగ్గా 4½ అంగుళాల చదరపు ఖాళీ వస్తుంది. అదే గొంతు. ఇలా ఆరు వరసలు. వరస వరసకీ తిప్పే దిక్కు మారిస్తే అతుకులు ఒకదాని మీద ఒకటి పడవు. కింది రెండు వరసల్లో మాత్రం ముందువైపు నిండు ఇటుక బదులు సగం ఇటుక పెట్టాలి, అప్పుడు 4½ అంగుళాల వెడల్పు, 6 అంగుళాల ఎత్తుతో నోరు తెరుచుకుంటుంది. ఆ రెండు వరసల మధ్య ఒక ఇనుప రేకు అడ్డంగా పెట్టాలి: రేకు మీద కట్టెలు, రేకు కింద ఉత్త గాలి. అడుగున పరిచేవి కాకుండా మొత్తం 23 ఇటుకలు పడతాయి.

ఒక్క జాగ్రత్త. నోటి పైన వచ్చే మూడో వరస ఇటుక సగం గాల్లోనే ఉంటుంది. దాని కింద అడ్డంగా ఒక ఇనుప పట్టీ గానీ రెండు చువ్వలు గానీ పెట్టకపోతే, మొదటిసారి గిన్నె దించేటప్పుడే ఇటుక ముందుకి ఒరుగుతుంది.

పొగ గొంతులోంచి కాకుండా నోట్లోంచి బయటికి వస్తోంది

అందరికీ వచ్చే సమస్య ఇదే, కారణాలు కూడా నాలుగైదు ఉన్నాయి కాబట్టి వరసగా చూసుకుంటూ రండి. ముందు గిన్నె తీసేసి చూడండి. గిన్నె తీయగానే మంట గొంతులోకి లేచి పొగ సర్దుకుంటే పొయ్యి బాగానే ఉంది, గిన్నె మరీ కిందకి కూర్చుంటోంది. ఇక్కడ చిన్న లెక్క ఉంది. గొంతు 4½ అంగుళాల చదరం, అంటే లోపలి వైశాల్యం సుమారు 20 చదరపు అంగుళాలు. చుట్టుకొలత 18 అంగుళాలు. గిన్నె అడుగుకీ గొంతు అంచుకీ మధ్య ఒక అంగుళం సందు ఉంటే 18 చదరపు అంగుళాల దారి దొరుకుతుంది, దాదాపు గొంతుతో సమానం. అదే అరంగుళం ఉంటే దారి సగానికి పడిపోతుంది, మిగతా పొగ వచ్చిన దారినే వెనక్కి పోతుంది. కాబట్టి గిన్నె కింద మూడు ఇటుక ముక్కలో ఇనుప ముక్కలో పెట్టి కచ్చితంగా అంగుళం, అంగుళంపావు ఎత్తు ఉంచండి. చాలామంది మంట గిన్నెకి దగ్గరగా ఉంటే మంచిదని నేరుగా గొంతు మీదే పెట్టేస్తారు, సమస్యంతా అక్కడ మొదలవుతుంది.

గిన్నె తీసినా పొగ నోట్లోంచే వస్తుంటే కట్టెలు ఎక్కువ పెట్టారేమో చూడండి. రేకు మీద మూడు నాలుగు సన్న కట్టెలు, బొటనవేలంత లావువి, పక్కపక్కనే చాలు. నోరు నిండా కుక్కితే గాలి లోపలికి రాదు. రేకు కింద ఖాళీలో కూడా పుల్లలు పెట్టేవాళ్లని చూశాను, మంట పెద్దదవుతుందనుకుని. అది గాలి వచ్చే చోటు, అక్కడ ఏమీ పెట్టకూడదు, బూడిద కూడా పేరుకోనివ్వకూడదు.

రేకు పొడవు కూడా చూడండి. గోడ మందం దాటి గొంతులోకి పొడుచుకొస్తే కింది నుంచి వచ్చే గాలికి మూత పెట్టినట్టే. రేకు గొంతు అంచు దగ్గర ఆగిపోవాలి, కట్టెల కొసలు మాత్రం రెండు మూడు అంగుళాలు ముందుకి ఉండాలి. మండేది ఆ కొసలే.

గొంతు ఎత్తు తక్కువైనా ఇదే బాధ. నోటి పైభాగం నుంచి గొంతు పైఅంచు దాకా ఎత్తు, గొంతు వెడల్పుకి రెండు నుంచి మూడు రెట్లు ఉండాలి. మన లెక్కలో 9 నుంచి 13 అంగుళాలు. ఆరు వరసలు పేరిస్తే నోటి పైన 12 అంగుళాలు వస్తుంది, సరిపోతుంది. ఇటుకలు చాల్లేదని నాలుగు వరసలకే ఆపేస్తే గొంతు గాలిని లాగదు.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా వెలిగించిన మొదటి కొద్ది నిమిషాలు మాత్రమే పొగ వస్తుంటే అది జబ్బు కాదు. గొంతు చల్లగా ఉన్నంతసేపు లాగే బలం ఉండదు. ఒక కాగితం ముక్కో ఎండిన కొబ్బరి పీచో వెలిగించి పైనుంచి గొంతులో వేయండి, అది వేడెక్కి లాగడం మొదలయ్యాక కింద చితుకులు అంటించండి. తేడా చూడాలంటే ఒక అగరబత్తి వెలిగించి రేకు కింద ఖాళీ దగ్గర పట్టుకోండి. దాని పొగ సన్నటి దారంలా లోపలికి వంగి పోతుంటే గొంతు లాగుతున్నట్టు. అక్కడే తచ్చాడుతున్నా, మీ వైపు వస్తున్నా ఇంకా కట్టెలు పెట్టకండి.

చివరిది గాలి వీచే దిక్కు. పొయ్యి వీపు వైపు నుంచి గాలి జోరుగా కొడుతుంటే పొగ నోటి వైపే వస్తుంది. నోటిని నేరుగా గాలికి ఎదురుగా పెట్టినా బాగుండదు, మంట ఎగిసిపోయి కట్టెలు ఊరికే ఖర్చవుతాయి. గోడ మూలన గానీ, ఒక రేకు అడ్డం పెట్టి గానీ గాలి నేరుగా తగలని చోట పేర్చుకోండి.

మంట నిలబడదు, పొగే పొగ

కట్టె పచ్చిగా ఉంది. వేరే కారణాలు వెతకడం దండగ. గొట్టం పెట్టి ఎంత ఊదినా కట్టెలో ఉన్న నీళ్లు ఆవిరయ్యేదాకా మంట లేవదు. కొట్టిన కట్టె చివర చూడండి, మండేటప్పుడు అవతలి కొస నుంచి నురగ, బుడగలు వస్తున్నాయంటే లోపల తడి ఉన్నట్టే. వెలిగించకముందే తెలుసుకోవాలంటే రెండు కట్టెలు ఒకదానికొకటి కొట్టండి. ఎండినది టంగుమంటుంది, పచ్చిది దబ్‌మంటుంది. బెరడు వేలితో లాగితే ఊడిరావాలి, కొసల్లో సన్న చీలికలు కనపడాలి.

తుమ్మ, సరుగుడు, సుబాబుల్ ఏదైనా సరే, చీల్చి ఎండబెట్టాలి. గుండ్రటి దుంగ ఏడాది ఎండినా లోపల చెమ్మ వదలదు, చీల్చినది ఎండాకాలంలో తొందరగా ఎండుతుంది. కంది కట్టె, పత్తి కట్టె వెలిగించడానికి చాలా బాగుంటాయి కానీ గడ్డిలా కాలిపోతాయి, నిమిషానికోసారి ఎగదోస్తూ కూర్చోవాలి. వాటితో అంటించి, కాస్త బరువైన కట్టెకి మారండి. కొబ్బరి మట్టల్లో సన్నవి పనికొస్తాయి, బాగా ఎండితేనే.

గన్నేరు కట్టె వద్దు, అది విషపు చెట్టు, దాని పొగ కూడా మంచిది కాదు. రంగు వేసిన తలుపు చెక్కలు, ప్లైవుడ్ ముక్కలు కూడా వంట పొయ్యిలో పెట్టకండి. వెలిగించడానికి ప్లాస్టిక్ కవర్ వాడే అలవాటు ఉంటే ఈరోజే మానేయండి, ఆ పొగ ముందు పడేది పొయ్యి దగ్గర కూర్చున్నవాళ్ల ఊపిరితిత్తుల్లోకే.

మంట బ్రహ్మాండంగా ఉంది, నీళ్లు మాత్రం కాగడం లేదు

ముందు ఎంత కట్టె అవ్వాలో తెలిస్తే ఎంత వృథా అవుతోందో తెలుస్తుంది. ఒక లీటరు నీళ్లు ఒక డిగ్రీ వేడెక్కడానికి ఒక కిలో కేలరీ కావాలి. స్నానానికి 20 లీటర్ల కాగుని 25 డిగ్రీల నుంచి 45కి తేవాలంటే 400 కిలో కేలరీలు. బాగా ఎండిన కట్టె కిలోకి 3,500 కిలో కేలరీల పైనే ఇస్తుంది. అందులో పావు వంతు నీళ్లకి అందినా అరకిలో కట్టెతో పని అయిపోవాలి. ఒకసారి తూకం వేసి పెట్టి చూడండి. రెండు కిలోలు అవుతుంటే వేడి ఎటో పోతోంది.

ఎటు పోతోంది? మొదటి అనుమానం ఇటుకల మీదే. ఒక్కో ఇటుక సుమారు మూడు కిలోలు, 23 ఇటుకలంటే 70 కిలోల దాకా బరువు. మొదటి పావుగంట మంటలో చాలా భాగం ఆ ఇటుకలు తాగేస్తాయి. పొద్దున్నే ఒక్క కాగు నీళ్ల కోసమే వెలిగించే ఇంట్లో ఈ నష్టం బాగా తెలుస్తుంది, పెళ్లి వంటలా గంటల తరబడి మండే చోట అసలు తెలియదు. తక్కువ పనికి అయితే ఇటుకల కంటే డబ్బా పొయ్యి మేలు: 15 కిలోల ఖాళీ నూనె డబ్బా లోపల ఒక చిన్న గొంతు పెట్టి, రెండింటి మధ్య ఊక బూడిద నింపుతారు. రైస్ మిల్లు దగ్గర అడిగితే ఊక బూడిద దొరుకుతుంది. ఇది గుల్లగా ఉండి వేడిని బయటికి పోనివ్వదు. మధ్యలో ఇసుకో మట్టో నింపితే బరువే తప్ప లాభం లేదు, అవి కూడా ఇటుకల్లాగే వేడిని తాగుతాయి. చాలామంది ఇసుక నింపేసి, వేడి ఆగుతుందనుకుంటారు. ఆగదు.

రెండో అనుమానం గిన్నె పక్కలు. గొంతులోంచి వచ్చిన వేడిగాలి అడుగుకి తగిలి వెంటనే గాల్లో కలిసిపోతుంది. గిన్నె చుట్టూ ఒక రేకు పట్టీ కట్టి, గిన్నెకీ రేకుకీ మధ్య అరంగుళం సందు ఉంచితే ఆ వేడి పక్కల వెంబడి పైకి పాకుతుంది. నన్నడిగితే, ఈ పొయ్యికి తక్కువ ఖర్చుతో ఎక్కువ తేడా తెచ్చేది ఈ పట్టీనే. సందు మరీ తగ్గిస్తే మళ్లీ మొదటి సమస్య వస్తుంది, పొగ నోట్లోంచి తన్నుతుంది.

మూడోది, గొంతు మరీ ఎత్తు. పొగ రాకూడదని ఎనిమిది తొమ్మిది వరసలు లేపితే మంట చక్కగా లాగుతుంది కానీ గిన్నె దగ్గరికి వచ్చేసరికి సగం వేడి గోడలకే పోతుంది. మంట కొస గిన్నె అడుగుని అప్పుడప్పుడు తాకుతూ ఉండాలి. ఇక మూత. మూత లేకుండా నీళ్లు కాచి పొయ్యిని తిడితే ఎలా!

గిన్నెకి జిగట మసి పడుతోంది

కాస్త పొడి మసి మామూలే, దానికి కంగారు వద్దు. గిన్నె అడుగున బయటివైపు తడి మట్టో బూడిదో పల్చగా పూసి పొయ్యి మీద పెడితే తోమేటప్పుడు మసంతా దాంతో పాటే ఊడిపోతుంది, పాతకాలపు పద్ధతి, ఇప్పటికీ ఇంతకంటే మంచిది లేదు. కానీ నల్లగా, తారులా అంటుకునే మసి పడుతుంటే మాత్రం పొగ పూర్తిగా కాలకుండానే గిన్నెకి తగులుతోందని అర్థం. కట్టె పచ్చిదైనా, గొంతు పొట్టిదైనా, కట్టెలు ఒక్కసారే లోపలికి తోసేసినా ఇలాగే అవుతుంది. కట్టె మొత్తం వేడెక్కితే పొగ ఒక్కసారే బోలెడు వస్తుంది, గొంతులో దాన్ని కాల్చేంత మంట ఉండదు. కొసలే కాలనిచ్చి, కాలిన కొద్దీ కొంచెం కొంచెం ఎగదోస్తుండండి.

మట్టి పగుళ్లిస్తోంది, ఇటుక పెళుసుగా రాలుతోంది

ఉత్త నల్లరేగడితో అతికితే పగలక మానదు, ఎండితే బాగా కుంచించుకుపోయే మట్టి అది. పుట్టమన్ను దొరికితే అంతకంటే కావాల్సింది లేదు. లేకపోతే ఎర్రమట్టిలో ఇసుక కలిపి, సన్నగా తరిగిన వరిగడ్డో ఊకో, కాస్త పేడ వేసి, తొక్కి ఒక రాత్రి నాననివ్వండి. కలిపింది సరిగ్గా ఉందో లేదో తెలియాలంటే నిమ్మకాయంత ఉండ చేసి నీడన ఎండబెట్టండి. పగిలితే ఇసుక చాల్లేదు. వేళ్లతో నలిపితే పొడైపోతే ఇసుక ఎక్కువైంది. గట్టిగా, నున్నగా నిలిస్తే అదే పాళ్లలో కలిపేయండి.

అలికాక ఎండలో పెట్టకండి, నీడలో నెమ్మదిగా ఆరాలి. ఆరకుండా పెద్ద మంట పెడితే లోపలి తడి ఆవిరై మట్టిని పెచ్చులు పెచ్చులుగా లేపుతుంది. మొదట రెండు మూడుసార్లు చితుకులతో చిన్న మంట, తర్వాతే అసలు వంట. సన్న పగుళ్లు ఎలాగూ వస్తాయి, పలచటి మట్టితో మళ్లీ అలుకుతూ ఉంటే సరిపోతుంది.

సిమెంటుతో అతికితే ఇంకా గట్టిగా ఉంటుందనుకోకండి. మంట తగిలే చోట సిమెంటు బలం పోయి పొడిలా రాలుతుంది. గొంతుకి సిమెంటు ఇటుకలు, ఫ్లైయాష్ ఇటుకలు కూడా వాడొద్దు, బాగా కాలిన ఎర్ర ఇటుకే కావాలి. ఏట్లోంచి తెచ్చిన గుండ్రాళ్లు ఇంకా ప్రమాదం, లోపల నీళ్లుంటే మంటకి పేలతాయి. ఇంటి పైకప్పుకి వేసే సిమెంటు రేకు ముక్కలు, పాతవి పెరట్లో పడుంటాయి కదా, వాటిని పొయ్యి దరిదాపుల్లోకి రానివ్వకండి. వేడికి ముక్కలై ఎగురుతాయి, పైగా పాతవాటిలో ఆస్‌బెస్టాస్ ఉంటుంది.

డబ్బా పొయ్యిలో లోపలి రేకు చిల్లులు పడింది

పడుతుంది. గొంతులో వేడికి పల్చటి రేకు ఎన్నాళ్లో ఆగదు, తుప్పు పొరలు పొరలుగా రాలిపోతుంది. మందపాటి ఇనుప గొట్టం వేస్తే కొంతకాలం ఎక్కువ వస్తుంది. నా మాట వింటే గొంతుని ఇటుక ముక్కలతోనో కాల్చిన మట్టి గొట్టంతోనో చేసి, చుట్టూ ఊక బూడిద నింపి, డబ్బాని బయటి తొడుగులా మాత్రమే వాడండి.

ముఖ్యమైన మాట ఇంకొకటి. జింకు పూత ఉన్న గొట్టాలు, తెల్లగా మెరిసే బకెట్ రేకు మంటలో పెట్టకండి. జింకు 420 డిగ్రీల దగ్గరే కరుగుతుంది, 907 దగ్గర ఆవిరవుతుంది, బాగా మండే రాకెట్ పొయ్యి గొంతు ఆ వేడికి దగ్గరగా పోగలదు. తెల్లటి పొగ లేస్తుంది, అది పీలిస్తే కొన్ని గంటల తర్వాత చలిజ్వరం, ఒళ్లునొప్పులు పట్టుకుంటాయి. పెయింట్ డబ్బా వాడాలనుకుంటే ముందు ఆరుబయట బాగా కాల్చి పూత అంతా పోగొట్టండి, అది కాలుతున్నంతసేపు మీరు దూరంగా నిలబడండి.

కాసేపు బాగానే మండుతుంది, తర్వాత నెమ్మదిస్తుంది

గొంతు అడుగున నిప్పులు, బూడిద పేరుకుపోయి గాలి దారి మూసుకుపోయింది. ఒక ఇనుప చువ్వతో రేకు కింద నుంచి బూడిద ముందుకి లాగేయండి, వెంటనే మంట లేస్తుంది. తుమ్మలాంటి బరువు కట్టెలకి నిప్పులు ఎక్కువ నిలుస్తాయి, వాటితో వండేటప్పుడు మధ్యలో ఒకసారి లాగాల్సిందే. రోజూ వెలిగించేముందు నిన్నటి బూడిద తీసేయడం అలవాటు చేసుకుంటే ఈ సమస్య దాదాపు ఉండదు.

వంటింట్లో పెడితే కళ్లమంట, తలనొప్పి

ఈ పొయ్యికి పొగ తక్కువే కానీ పొగగొట్టం లేదు. వాడేసిన గాలంతా గిన్నె పక్కనుంచి గదిలోకే వస్తుంది. కంటికి పొగ కనిపించకపోయినా అందులో కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఉంటుంది, దానికి రంగూ వాసనా లేవు. తలనొప్పి, తల తిరగడం మొదలైతే వెంటనే బయటికి వచ్చేయాలి. పంచలోనో, పెరట్లోనో, రెండు వైపులా తెరిచి ఉన్న పాకలోనో పెట్టండి. వంట అయ్యాక మిగిలిన నిప్పులని చలికాలంలో గదిలోకి తెచ్చి తలుపులు వేసుకుని పడుకోవడం ప్రాణాల మీదకి వస్తుంది, ఇంట్లో పెద్దవాళ్లకి ఈ మాట గట్టిగా చెప్పండి.

లోపలే వండక తప్పదంటే గొట్టం ఉన్న పొయ్యి కట్టుకోవాలి, దాని పద్ధతి వేరు. ఆ దారిలో మన దగ్గర పని కొత్తదేమీ కాదు. 1950ల మొదట్లోనే హైదరాబాద్ ఇంజనీరింగ్ రీసెర్చ్ లాబొరేటరీస్‌లో డాక్టర్ ఎస్.పి. రాజు పొగగొట్టం ఉన్న మట్టి పొయ్యి రూపొందించారు, హెర్ల్ చుల్హా అని దానికి పేరు. తర్వాత 1983లో కేంద్ర ప్రభుత్వం మెరుగైన పొయ్యిల జాతీయ కార్యక్రమం మొదలుపెట్టింది. గొట్టం పొయ్యిలకి వచ్చే పెద్ద చిక్కు గొట్టంలో మసి పేరుకోవడం. గొట్టం దులపకుండా వదిలేస్తే పొగ మళ్లీ గదిలోకే వస్తుంది. కాబట్టి అలాంటిది కట్టేటప్పుడు గొట్టం మొదట్లో చెయ్యి పట్టేంత తలుపొకటి పెట్టించండి. గొట్టం కొస కప్పుకంటే బాగా పైకి ఉండాలి. తాటాకు గానీ గడ్డి గానీ కప్పిన ఇల్లయితే గొట్టం కప్పులోంచి కాకుండా పక్క గోడలోంచి బయటికి తీసి, ఆకుకి దూరంగా పైకి లేపాలి.